బగ్గు కాదు

మొదటి రాతలో మా హీరో అబద్ధమాడడు.
ఛాతీకి కవచం, చేతిలో కత్తి,
గుడారి నుంచి మహేంద్రగిరి దాకా
ఎవరు ఏడ్చినా వినబడే చెవులు.
గుణుపురంలో, కిరసనాయిలు డిపో మీది గదిలో
నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఆడించాం.
పది నిమిషాలకి ఒకడు ఆవులించాడు.
ఆవలింత పక్కవాడికి అంటుకుంది.
మూడోవాడు హీరోని కావాలని బావిలోకి దూకించి
అప్పుడు, మొదటిసారి, నవ్వాడు.

బొమ్మలు దిబాకర్ శబరవి. మాటలు నావి.
ఆ రాత్రి తను కవచం చెరిపేసి పొట్ట పెట్టాడు.
నేను తోలుసంచీ తగిలించాను.
చెవి మీద పెన్సిలు.
పర్లాకిమిడి బస్సు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు,
రెండోది ఎప్పుడూ గాల్లోనే.
పేరు గవరయ్య.

చిల్లర అడిగితే
తెలుగులో లేదంటాడు,
ఒడియాలో దిగేటప్పుడంటాడు,
సవరలో అడిగితే నవ్వి, వెనక్కి జరగమంటాడు.
బాతులంటే భయం.
ఆ సంగతి ఎవరికీ చెప్పడు.
బాతు కనబడితే మాత్రం డ్రైవరు ఒళ్ళో ఉంటాడు.

తెర మీద మూడు గడులు:
నిజం చెప్పు. తప్పు ఒప్పుకో. ఊరుకో.
నిజం చెప్పు, అని నొక్కితే
నోరు తెరుస్తాడు, గుటక వేస్తాడు,
"రాత్రి మా అత్తగారు పోయారండీ" అంటాడు.
ఆ వారంలో ఆవిడ పోవడం అది నాలుగోసారి.
"అక్కా, ఇది బగ్గు" అన్నాడు బావిలో దూకించినవాడు.
బగ్గు కాదురా, గుణం.
వాడు మళ్ళీ నొక్కాడు. అత్తగారు మళ్ళీ పోయింది.
వాడు పొట్ట పట్టుకుని చాప మీద దొర్లాడు.

ఇక్కడిదాకా సులువు.
నవ్వించినవాణ్ణి ఏట్లో దింపడమే కష్టం.
ఆటలో వంశధార పొంగుతుంది, కల్వర్టు మీద బస్సు ఆగిపోతుంది.
నాకు భయమేసి గవరయ్యని మంచివాణ్ణి చేసేశాను.
సంచీ నీళ్ళలోకి విసిరాడు,
ఒక్కొక్కర్నీ భుజాన మోశాడు,
వెనకాల సన్నాయి కూడా పెట్టాం.
పిల్లలు మర్యాదగా చూశారు.
మర్యాదగా!
చెప్పుతో కొట్టినా బాగుండేది.
దిబాకర్ గ్లాసులో రస్కు విరిగి టీలో మునిగింది.
దాన్నే చూస్తూ అన్నాడు,
"ఏరు కాదు, మనమే ముంచేశాం వాణ్ణి."

తిరగరాశాను.
ఇప్పుడు గట్టు మీద, వానలో, గవరయ్య లెక్కపెడుతున్నాడు.
ఎక్కిన తలలు ముప్పై ఎనిమిది.
తెగిన టిక్కెట్లు ముప్పై ఏడు.
ఎవడో ఎగ్గొట్టాడు!
సంచీ నెత్తిన పెట్టుకుని
తిట్టుకుంటూ, నడుంలోతు నీళ్ళలో
పదిహేను రూపాయల కోసం బస్సులోకి వెళ్తాడు.
చింతపండు బస్తాల వెనక
చెవులు వినబడని ముసలమ్మ నిద్రపోతోంది.
ఒళ్ళో బుట్ట.
బుట్టలో బాతు.

అక్కడ గడులేమీ పెట్టలేదు.
ఆడేవాడు వేలు గాల్లో పెట్టుకుని చూడాల్సిందే.

మా మేనమామ తవిటయ్య ఆ రూట్లో ఇరవయ్యారేళ్ళు కండక్టరు.
ఎవర్ని చూసి రాశానో చెప్పకుండా ఫోను చేతికిచ్చాను.
కళ్ళజోడు తుడుచుకుని
"ఈడెవుడ్రా బాబూ, ఇంత దొంగెదవ" అన్నాడు.
అరగంటలో
మాకే తెలియని కిటుకొకటి కనిపెట్టాడు:
టిక్కెట్టు వెనక బాకీ రాసిచ్చి, దాన్ని ఇంకొకరికి మార్చడం.
మేం రాయని నేరం అది.
ఆటలో ఎలా దూరిందో
దిబాకర్ ఇంకా వెతుకుతున్నాడు.

ఏటి దగ్గరికొచ్చాక మామ మాట్లాడలేదు.
బాతుని ఎడం చేత్తో, కళ్ళు మూసుకుని,
ముసలమ్మని కుడి భుజాన మోసుకుని
గవరయ్య గట్టెక్కాడు.
మామ ఫోను బోర్లించాడు.
చుట్ట కోసం జేబు తడుముకున్నాడు, చిల్లర గలగలమంది.

"అన్నీ అడిగింది గాని అమ్మీ,
ఆ ముసిల్దానికి టిక్కెట్టు కొట్టాలా వద్దా
నీ ఆట అడగనేదేటి?"

రెండు గడులు చేశాను.
కొట్టు. కొట్టకు.
ఏది నొక్కితే గవరయ్య ఏం చేస్తాడో
తెల్లారినా రాయలేకపోయాను.